నాన్న తెచ్చిన గుల్లల రాయికి లక్షన్నర ఇస్తామంటున్నారు, అంత విలువ ఉంటుందా?

బ్రాడీపేట_శీను
మా నాన్న తొంభైల్లో లారీ నడిపేవారు. దేవరపల్లి, గౌరీపట్నం క్రషర్ల నుంచి కంకర తోలేవారు. అప్పట్లో అక్కడి నుంచి ఒక రాయి తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు, రెండంగుళాల మందం. లేత పసుపు కలిసిన బూడిద రంగు. ఒకవైపు అంతా స్క్రూల్లా మెలి తిరిగిన గుల్లలు అతుక్కుని ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది నా చూపుడు వేలంత. ఫోటోలు పెట్టాను చూడండి.

ఈ మధ్య మా ఇంటికి వచ్చిన తెలిసినాయన ఒకరు దీన్ని ఫోటో తీసి ఎవరికో పంపాడు. మర్నాడు ఫోన్ చేసి లక్షన్నరకి కొనేవాళ్లు ఉన్నారన్నాడు. కాకపోతే ముందు ల్యాబ్ సర్టిఫికెట్ చేయించాలట, దానికి 8 వేలు మనమే కట్టాలట. మా అన్నయ్య కట్టేద్దాం అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. అసలు ఇదేం గుల్ల? ఎంత చేస్తుంది?

సత్యనారాయణపురం_రైలు
8 వేలు కట్టొద్దు. మిగతా సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

గవ్వలపిచ్చి
పై పోస్టుకి నా ఓటు. అమ్మేవాడి దగ్గర ముందు డబ్బు అడిగే కొనుగోలుదారుడు ఎక్కడా ఉండడు.

ఫోటోలో ఉన్నది టరిటెల్లా జాతి నత్త గుల్లలాగే ఉంది. సముద్రపు నత్త. పొడుగ్గా, సన్నగా, చాలా చుట్లతో ఉంటుంది. ప్రతి చుట్టు మీదా గుల్ల చుట్టూ తిరిగే సన్నటి గీతలు కనిపిస్తాయి. మూడో ఫోటోలో ఎడమ పక్క ఉన్నదాని మీద ఆ గీతలు స్పష్టంగా ఉన్నాయి. కానీ ఖాయంగా చెప్పాలంటే నోరు చూడాలి. ఏదైనా ఒక గుల్లకి నోరు విరగకుండా ఉందా? గుండ్రంగా ఉండి, కింద గాడి లేకపోతే టరిటెల్లా. కింద గాడిలా కోసుకుపోయి ఉంటే అది వేరే కుటుంబం.

కృష్ణలంక_కుమార్
అందరూ మోసం మోసం అంటారు గానీ, వీడియోల్లో ఇలాంటి రాళ్లు లక్షలకి అమ్ముడుపోవడం నేను చూశాను. కొనేవాడు ఎంత ఇస్తే అదే ధర. ఊరికే వదులుకోవద్దు శీనూ.

సత్యనారాయణపురం_రైలు
వీడియోలో అమ్ముడుపోయిందని చెప్పింది అమ్మినవాడా, కొన్నవాడా?

అరండల్‌పేట_అక్క
బాబూ, అది సాలగ్రామం కాదు కదా? మా అత్తగారింట్లో ఇలాగే చుట్లున్న రాయి ఉంది. తరతరాలుగా పూజలో ఉంది. అలాంటిదైతే అమ్మకూడదు, వెల కట్టకూడదు. ఒకసారి ఎవరికైనా చూపించు.

రాయిమాస్టారు
అక్కగారూ, మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. చుట్లు చూసి చాలామంది అలాగే అనుకుంటారు. సాలగ్రామాలు నేపాల్‌లో కాళీగండకి నది ఒడ్డున, ముక్తినాథ్ వైపు దొరుకుతాయి. నల్లగా, గుండ్రంగా ఉంటాయి. వాటిలో ఉండేది అమ్మోనైట్ అనే జీవి గుల్ల, జురాసిక్ కాలానిది. అది నత్త కాదు, ఆక్టోపస్, స్క్విడ్‌ల వైపు చుట్టం. దాని గుల్ల లోపల అడ్డుగోడలు కట్టి గదులు గదులుగా ఉంటుంది. చుట్లు ఒకే తలంలో, బల్లపరుపుగా తిరుగుతాయి.

శీను పెట్టిన ఫోటోలో గుల్లలు ఒకే తలంలో లేవు, మెలి తిరుగుతూ మొనకి ఎక్కుతున్నాయి. లోపల గదులు ఉండవు. అందుకని ఇవి నత్తలే. అమ్మోనైట్లు డైనోసార్ల కాలంతో పాటే అంతరించాయి. ఈ నత్తల వంశం మాత్రం ఇప్పటికీ బంగాళాఖాతంలో బతికే ఉంది.

మీ అత్తగారింటి రాయికి వెల కట్టమని మిమ్మల్ని ఎవరూ అడగరు. పూజలో ఉన్నదానికి లెక్క వేరు.

అరండల్‌పేట_అక్క
మనసు కుదుటపడింది మాస్టారూ.

బ్రాడీపేట_శీను
@గవ్వలపిచ్చి అక్కా, భూతద్దం పెట్టి చూశాను. ఒక చిన్న గుల్లకి నోరు బాగానే ఉంది. గుండ్రంగానే ఉంది, గాడి లేదు. ఇంకో సంగతి. ఒక గుల్లకి చిన్న గుండ్రటి బొక్క ఉంది, డ్రిల్లుతో వేసినట్టు. నాన్నే దండ కోసం వేశారేమో అనుకున్నాం. ఆయన్ని అడిగితే నేను వేయలేదు అన్నారు.

గవ్వలపిచ్చి
శీనూ, దాని దగ్గరి ఫోటో పెట్టు! బొక్క బయట వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా ఉంటే అది ఇంకో నత్త చేసిన పని. నాటిసిడ్ అనే వేట నత్తలు ఉంటాయి. ఎరని పట్టుకుని గుల్ల మీద కూర్చుని, ఆమ్లం పూసి మెత్తబరుస్తూ, పళ్ల పట్టీతో గీరుతూ బొక్క చేస్తాయి. ఆ బొక్కలోంచి మాంసం తినేస్తాయి. సూర్యలంక బీచ్‌లో ఏరిన గుల్లల్లో ఇప్పటికీ అలాంటి బొక్కలు దొరుకుతాయి. ఎవరు ఎవర్ని తిన్నారో ఆ రాతి మీదే రాసి ఉంది. నాకైతే ధర కన్నా ఇదే ఎక్కువ.

బందరు_లడ్డు
అంటే ఇది కోట్ల ఏళ్ల నాటి హత్య కేసు. ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌లో?

సత్యనారాయణపురం_రైలు
దేవరపల్లి స్టేషన్ లిమిట్స్.

చెరువుగట్టు
మాది రేపల్లె దగ్గర. రొయ్యల చెరువులు తవ్వేటప్పుడు ఇలాంటి గుల్లలు బోలెడు పడతాయి, బకెట్లు నిండుతాయి. అవి కూడా శిలాజాలేనా? లక్షలైతే నేను కోటీశ్వరుణ్ణి.

గవ్వలపిచ్చి
కావు అన్నా. అవి పాత గుల్లలే గానీ రాయిగా మారలేదు. సుమారు 6 వేల ఏళ్ల క్రితం సముద్రం ఇప్పటికన్నా బాగా లోపలికి, కొల్లేరు దగ్గరదాకా ఉండేది. కృష్ణా, గోదావరి మట్టి తెచ్చి పోస్తూ పోస్తూ డెల్టాని ముందుకి తోశాయి. మీ చెరువుల్లో దొరికేవి ఆ మధ్యకాలంలో మట్టిలో కప్పబడిపోయినవి. గోరుతో గీకితే సుద్దలా పొడి రాలుతుంది, లోపల మట్టి ఉంటుంది గానీ రాయి ఉండదు. పూర్వం గుల్ల సున్నం కాల్చడానికి ఇలాంటివే ఏరుకొచ్చేవాళ్లు.

ధర అడిగితే సున్నం ధరే. కానీ ఏ లోతులో పడ్డాయో రాసి పెట్టుకోండి, మీ ఊరు ఎప్పుడు సముద్రమో అవే చెబుతాయి.

పాత_క్వారీ
గౌరీపట్నం పేరు చూసి ఆగాను. ఆ పక్క క్రషర్లలో చాలా కాలం సూపర్‌వైజర్‌గా చేశాను, ఇప్పుడు బెజవాడలో కొడుకు దగ్గర ఉంటున్నాను.

అక్కడ పైన ఉండేది నల్లరాయి. మాకు కావలసింది అదే, కంకరకి. దాని కింద లేత రంగు పొర తగులుతుంది, అందులో ఈ గుల్లలు. కొన్నిచోట్ల రెండు నల్లరాయి పొరల మధ్య కూడా తెల్లటి పొర వచ్చేది, అందులోనూ గుల్లలు ఉండేవి. మాకది చెత్త కింద లెక్క. కంకరలో కలిస్తే కాంట్రాక్టర్ ఒప్పుకోడు, అందుకని బుల్‌డోజర్‌తో పక్కకి తోసేవాళ్లం. చేతికి అందితే పిల్లలు ఆడుకోవడానికి తీసుకెళ్లేవాళ్లు. నిర్మలగిరి తిరనాళ్లకి వచ్చినవాళ్లు కూడా ఏరుకుని వెళ్లడం చూశాను. అందుకని అరుదైన రాయి అంటే మాత్రం నేను ఒప్పుకోను. లారీలకి లారీలు పోయాయి.

కృష్ణలంక_కుమార్
లారీలకి లారీలు పోయాయంటే ఇప్పుడు మిగిలింది తక్కువనే కదా అర్థం? తక్కువ ఉన్నదానికి ధర పెరగాలి.

పాత_క్వారీ
ఆ పొర ఇంకా కిలోమీటర్ల కొద్దీ ఉంది బాబూ. పోయింది తవ్విన మేరకే.

మాచర్ల_నాపరాయి
సందర్భం కాకపోయినా అడుగుతున్నా. మాది ఫ్లోరింగ్ పని. పల్నాడు నాపరాళ్లలో ఒక్కోసారి ఫెర్న్ ఆకులాంటి నల్లటి బొమ్మ వస్తుంది. కస్టమర్లు శిలాజం అని ఎగబడి ఆ పలకే కావాలంటారు. అది శిలాజమేనా?

రాయిమాస్టారు
కాదండీ. పగులులోకి దిగిన నీళ్లలోని మాంగనీస్ అలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. పైగా పల్నాటి సున్నపురాయి ఏర్పడే నాటికి భూమి మీద ఆకులూ లేవు, గుల్లలున్న నత్తలూ లేవు. అది అంత పాతది. బెజవాడ కొండల్లో వెతకడం కూడా దండగ. ఇంద్రకీలాద్రి రాయి భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ పూర్తిగా మారిపోయిన రాయి, అందులో గుల్ల మిగలదు. మనకి దగ్గరలో గుల్లలు కావాలంటే గోదావరి వైపో, నూజివీడు, గొల్లపల్లి వైపో, ఒంగోలు దగ్గర వేమవరం వైపో వెళ్లాలి.

ఇక శీను రాయి సంగతి. పాత_క్వారీ గారు చెప్పిన రెండు పొరలూ ప్రపంచానికి తెలిసిన పొరలే. నల్లరాయి అంటే లావా. పడమర కనుమల వైపు పుట్టిన దక్కన్ లావా పాత నదీలోయల వెంట అటునుంచి ఇటు చివరిదాకా పారి రాజమండ్రి దగ్గర సముద్రంలో కలిసిందని చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారు. రాజోలు దగ్గర ఓఎన్‌జీసీ బావుల్లో భూమి అడుగున కూడా ఆ లావా తగిలింది. దక్కన్ మీద మిగతాచోట్ల లావా పొరల మధ్య దొరికే నత్తలు చాలావరకు చెరువు నత్తలు, ఫైసా లాంటివి. ఇక్కడ మాత్రం సముద్రపు, ఉప్పుటేటి నత్తలు. ఇదే ఈ ప్రాంతం గొప్పతనం.

రాజమండ్రి పక్కన కాటేరులో దొరికిన గుల్లల్ని స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ 1860లోనే వర్ణించి పేర్లు పెట్టాడు. నాగపూర్‌లో హిస్లాప్ కాలేజీ ఉంది చూడండి, ఆయన పేరు మీదే. 2008లో గెర్టా కెల్లర్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త బృందం ఈ క్వారీల పొరలే చదివి, డైనోసార్ల అంతం ఏ పొర దగ్గర పడుతుందో గుర్తించింది. కింది లావాకి అడుగున ఉన్న పొర ఆ అంతానికి కాస్త ముందుది, లావాల నడుమ ఉన్నది ఆ తర్వాత మొదలైంది. మొత్తం మీద 6.6 కోట్ల ఏళ్ల ఇటూ అటూ.

బందరు_లడ్డు
రోడ్డు మీద మనం తొక్కే కంకర లావా అని ఇవాళే తెలిసింది. హైవేకి వెళ్లి చూడాలి.

బ్రాడీపేట_శీను
మాస్టారూ, ఒళ్లు జలదరించింది. మరి నాన్న తెచ్చింది ఏ పొరదో ఎలా తెలుస్తుంది?

అన్నయ్య ఇంకో మాట అంటున్నాడు, ఇది అసలు రాయేనా, ప్లాస్టర్‌తో పోసిందా అని. నాన్న తెచ్చింది కాబట్టి నాకు అనుమానం లేదు. కానీ ఆయన్ని ఒప్పించాలి.

గవ్వలపిచ్చి
అన్నయ్యని ఒప్పించడం తేలిక. లగేజీ తూచే కొక్కెం త్రాసు ఉంటే, రాయిని దారంతో కట్టి మామూలుగా ఒకసారి తూచు. తర్వాత బకెట్ నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగు తగలకుండా వేలాడదీసి తూచు. రెండింటి తేడా ఎంతో చూసి, మొదటి బరువుని ఆ తేడాతో భాగించు. సున్నపురాయి అయితే 2.6, 2.7 దగ్గర వస్తుంది. రెసిన్‌తో (గట్టిపడే ప్లాస్టిక్ జిగురుతో) పోసిందైతే దాదాపు సగమే ఉంటుంది. వెంటనే తీసి నీడలో ఆరబెట్టు, నానబెట్టకు.

ఇంకోటి, వెనక వైపు గుల్లలు లేని మూల మీద ఒక్క చుక్క వెనిగర్ వెయ్యి. సన్నగా బుడగలు వస్తే సున్నపు పదార్థం. వెంటనే నీళ్లతో కడిగెయ్యి. గుల్లల మీద మాత్రం వద్దు, గీతలు తినేస్తుంది.

రాయిమాస్టారు
నిమ్మరసం కూడా పనిచేస్తుంది. బుడగలు రాకపోతే కంగారుపడొద్దు. కొన్ని గుల్లల్లో సున్నం పోయి సిలికా చేరుతుంది, అప్పుడు పొంగదు, చాకుతో గీకినా గీత పడదు. అది కూడా అసలు శిలాజమే.

విస్సన్నపేట_విజ్జి
టరిటెల్లా అనగానే గుర్తొచ్చింది. నేను జైపూర్‌లో టరిటెల్లా అగేట్ అని ఒక లాకెట్ కొన్నాను. గోధుమ రంగు రాయి నిండా ఇలాంటి నత్తలే. అదీ ఇదీ ఒకటేనా? దానికి బాగానే పెట్టాను.

గవ్వలపిచ్చి
పేరు ఒకటే, జీవి వేరు విజ్జీ. అది అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రం నుంచి వచ్చే రాయి. అందులో ఉన్నది ఎలిమియా అనే మంచినీటి నత్త. చూడగానే టరిటెల్లాలా ఉందని పాతకాలంలో ఎవరో పేరు పెట్టారు, వ్యాపారంలో అదే నిలిచిపోయింది. రాయి అందమైనదే. నగగా దాని ధర దానికి ఉంది, సానబట్టి మెరుగు పెట్టే గట్టిదనం ఉంది కాబట్టి. శీను రాయికి ఆ మెరుగు రాదు.

కృష్ణలంక_కుమార్
సరే, మోసం కాకపోతే అసలు ధర ఎంత? ఎవరూ అంకె చెప్పడం లేదు. ఇంత చర్చ చేసి అంకె లేకపోతే ఎలా?

గవ్వలపిచ్చి
చెబుతాను. హైదరాబాద్‌లో ఒక రాళ్ల ప్రదర్శనలో విడి టరిటెల్లాలు వేలంత సైజువి 150కి, 200కి అమ్మారు. అవి శుభ్రంగా, మొన విరగకుండా ఉన్నవి. రాతి పలకలో గుంపుగా ఉన్నవి వేరే చోట 800కి కొన్నాను. శీను పలక నాకు నచ్చింది. గుల్లలన్నీ దాదాపు ఒకే దిక్కుకి తిరిగి పడుకుని ఉన్నాయి, అంటే అక్కడ నీటి ప్రవాహం బలంగా ఉండేదన్నమాట. ఆ బొక్క కూడా ఉంది. నాకు అమ్మితే 2 వేలు, మురిసిపోతే 3 వేలు ఇస్తాను. అంతకు మించి ఇవ్వను. ఎందుకంటే ఈ నత్తలు ప్రపంచమంతా ఉన్నాయి. తీరంలో మేత పుష్కలంగా ఉన్నచోట గుంపులు గుంపులుగా పెరిగే జీవులు ఇవి, అందుకే పొరలు పొరలుగా దొరుకుతాయి. ధర పెంచేవి అరుదైన జాతి, పెద్ద సైజు, విరగని మొన, చక్కటి శుభ్రత. ఇందులో ఏదీ లక్షన్నరకి చేరదు.

కృష్ణలంక_కుమార్
అంకె చెప్పినందుకు సంతోషం. అయితే శీనూ, ఆ తెలిసినాయనకి ఒక మాట చెప్పి చూడు. ఆ 8 వేలు లక్షన్నరలోంచి మినహాయించుకుని మిగతాది ఇవ్వమను. నిజంగా కొనేవాడుంటే ఒప్పుకుంటాడు.

సత్యనారాయణపురం_రైలు
కృష్ణలంక ఇవాళ బాగా ఆలోచించింది.

తెనాలి_టైలర్
ఇంట్లో పెట్టుకుంటే పోలీసులు పట్టుకోరా? పురావస్తు శాఖకి చెప్పాలేమో. బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉందిగా, అక్కడ ఇచ్చేస్తే పోలా.

రాయిమాస్టారు
బాపు మ్యూజియం విగ్రహాలు, నాణేలు, ఆయుధాలు లాంటి మనుషులు చేసిన వస్తువులది. 1972 పురావస్తు చట్టం కూడా ప్రధానంగా వాటి కోసమే. శిలాజాలు, భూవారసత్వ స్థలాల రక్షణకంటూ ఒక ముసాయిదా బిల్లుని కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో జనం అభిప్రాయానికి పెట్టింది. నాన్నగారు క్వారీ చెత్తలోంచి ఏరుకొచ్చిన రాయి అలమరలో ఉన్నందుకు శీను నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఇప్పుడు వెళ్లి క్వారీలో గునపం వేస్తే అది వేరు. అది అనుమతి లేని తవ్వకం, పైగా బ్లాస్టింగ్ జరిగే చోటు, ప్రాణానికే ప్రమాదం.

నా మాట అడిగితే దీన్ని అమ్మొద్దు. ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ విభాగానికో, హైదరాబాద్ బండ్లగూడలోని జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్‌ఐ)కో ఫోటోలతో ఉత్తరం రాయండి. పరిశోధనకి పనికొస్తుంది.

గవ్వలపిచ్చి
ఇక్కడ మాస్టారితో నేను ఏకీభవించను. ఏ క్వారీ, ఏ పొర, ఎంత లోతు అనేది తెలియకుండా విడిగా దొరికిన పలక పరిశోధనకి ఏం పనికొస్తుంది? వాళ్ల దగ్గర పొర పొరకీ గుర్తు పెట్టి తీసిన నమూనాలు ఉన్నాయి. ఇలాంటి ఉత్తరాలు వాళ్లకి రోజూ వస్తాయి.

రాయిమాస్టారు
మీరన్నది సగం నిజం. పొర తెలియకపోతే విలువ తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ పొర తెలుసుకునే దారి ఆ రాతిలోనే ఉంది. గుల్లలు కాదు, గుల్లల మధ్య ఉన్న పసుపు మట్టి. కెల్లర్ వాళ్లు కాలం తేల్చింది నత్తలతో కాదు, కంటికి ఆనని ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలతో. డైనోసార్లు పోయినప్పుడు సముద్రం పైపొరలో తేలే ఫోరాలు కూడా చాలావరకు పోయి, తర్వాత కొత్త రకాలు వచ్చాయి. అందుకని బొటనవేలి గోరంత మట్టి పెళ్లని మైక్రోస్కోపు కింద చూస్తే, అందులో అవి ఉంటే, ఇది అంతానికి ముందు పొరా తర్వాతి పొరా అన్నది చెప్పే అవకాశం ఉంది.

నాకు భయమేసేది అక్కడే. కొనేవాడెవడైనా ముందు చేసే పని గుల్లలు బాగా కనపడాలని ఆ మట్టినంతా గీకి, ఆసిడ్‌తో కడిగి, వార్నిష్ పూయడం. దాంతో చెప్పాల్సినదంతా కాలవలో పోతుంది. మిగిలేది షోకేసు బొమ్మ. శీనూ, నువ్వు అమ్మినా ఉంచుకున్నా సరే, ఆ మట్టి మాత్రం గీకొద్దు, ఎవర్నీ గీకనివ్వొద్దు.

గవ్వలపిచ్చి
మట్టి విషయంలో మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నేను గుల్లలే చూస్తూ కూర్చున్నాను. నా 3 వేల బేరం ఉంది గానీ, శీను ఉంచుకుంటేనే నాకు సంతోషం.

పాత_క్వారీ
శీను బాబూ, నాన్నగారు ఎలా ఉన్నారు? మాట్లాడగలిగితే ఇవి అడుగు. ఏ క్రషర్‌కి లోడింగ్‌కి వెళ్లేవారు? గౌరీపట్నం వైపా, దుద్దుకూరు వైపా? రాయి ఏరింది గుంత అడుగునా, పైన కుప్పలోనా? పక్కన గుడి కనపడేదా? లారీ డ్రైవర్లకి దారులు బాగా గుర్తుంటాయి. కాగితం మీద గుంతల బొమ్మ గీసి చూపించు.

బ్రాడీపేట_శీను
ముందు త్రాసు లెక్క. మామూలుగా తూస్తే 2.4 కిలోలు. నీళ్లలో వేలాడదీస్తే 1.5. తేడా 0.9. భాగిస్తే 2.67 వచ్చింది. వెనక మూల మీద వెనిగర్ వేస్తే బుసబుసా బుడగలు. అన్నయ్య ఇక ప్లాస్టర్ మాట ఎత్తలేదు.

తర్వాత నాన్న. పాత_క్వారీ గారు అడిగినవన్నీ అడిగాను. దుద్దుకూరు వైపే అన్నారు. గుంత బాగా లోతుగా ఉండేదట, నల్లరాయి అంతా తీసేశాక అడుగున తెల్లగా తగిలితే పని ఆపేశారట. లారీ లోడింగ్ ఆలస్యమై, ఆ గుంత అడుగుకి దిగి కూర్చున్నప్పుడు ఈ రాయి దొరికిందట. పైన మళ్లీ తెల్ల పొర ఏమైనా ఉందా అని అడిగితే, ఉండొచ్చు, నేను కిందదే తీశాను అని గట్టిగా చెప్పారు. ఆ రోజు తనతో ఉన్న క్లీనర్ పేరు కూడా చెప్పారు. ఆయన ఇంతసేపు మాట్లాడటం చూసి అమ్మ కూడా వచ్చి కూర్చుంది.

పాత_క్వారీ
అదే! నల్లరాయి అయిపోయి తెల్లది తగిలితే మేం ఆపేసేవాళ్లం. నాన్నగారు చెప్పింది కింది లావాకి అడుగు పొర. మా వాళ్లెవరూ అంత స్పష్టంగా గుర్తుపెట్టుకుని ఉండరు.

రాయిమాస్టారు
నా ఆనందం చెప్పలేను. దుద్దుకూరులో లావా అడుగు పొరలో టరిటెల్లా గుల్లలు దండిగా ఉన్న సున్నపురాయి ఉందని పాత గ్రంథాల్లోనే ఉంది. నాన్నగారి మాట దానితో సరిపోతోంది. శీనూ, ఆయన చెప్పింది చెప్పినట్టు, ఆయన మాటల్లోనే రాసి సంతకం పెట్టించు. ఫోన్‌లో రికార్డ్ కూడా చెయ్యి. ఇప్పుడు ఉత్తరం రాస్తే అర్థం ఉంటుంది. గవ్వలపిచ్చి గారూ, మీరేమంటారు?

గవ్వలపిచ్చి
ఇప్పుడు రాయాల్సిందే. ఊరు, గుంత, పొర, తెచ్చిన మనిషి, నాలుగూ దొరికాయి. శీనూ, గుల్లల మధ్య నుంచి ఏమీ తీయకు. రాలిపోయిన పెళ్లలుంటే చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి రాయితోనే ఉంచు. మాత్ర కవర్ అయినా చాలు.

అరండల్‌పేట_అక్క
నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు బాబూ. ఆయనకి ఎన్నేళ్లు?

బ్రాడీపేట_శీను
74 అక్కా. తప్పకుండా చెబుతాను.

కృష్ణలంక అన్న చెప్పినట్టే ఆ తెలిసినాయనకి ఫోన్ చేశాను, 8 వేలు ధరలోంచి మినహాయించుకోమన్నాను. ముందు 3 వేలు చాలు అన్నాడు. అది కూడా మినహాయించుకోండి అంటే పార్టీని అడిగి చెబుతానన్నాడు. ఇంతవరకూ ఫోన్ లేదు, చేస్తే తీయడం లేదు. అన్నయ్య కూడా వదిలెయ్‌రా అన్నాడు.

కృష్ణలంక_కుమార్
అయితే అది బేరం కాదు. ఉంచుకో శీనూ. ఉత్తరం రాసేటప్పుడు ఇంగ్లీషులో సాయం కావాలంటే నేను రాసిపెడతా.

బందరు_లడ్డు
హత్య కేసులో సాక్షి దొరికాడు, స్టేట్‌మెంట్ కూడా రికార్డ్ అయింది.

బ్రాడీపేట_శీను
అన్నా, సాయం కావాలి, రాత్రికి మెసేజ్ పెడతా. మాస్టారూ, చివరిగా ఒకటి. పేరు రాసిన కాగితం రాయికి అంటించనా? ఫెవికాల్ పరవాలేదా?

రాయిమాస్టారు
కాగితం అంటించొద్దు, చీమలు, చెద పడతాయి. వెనక వైపు, గుల్లలు లేనిచోట, చిటికెన వేలి గోరంత తెల్ల పెయింట్ చుక్క పెట్టు. ఆరాక దాని మీద నల్ల ఇంకుతో 1 అని నంబర్ వెయ్యి. అదే నంబర్ ఒక నోటు పుస్తకంలో రాసి, దాని ఎదురుగా దుద్దుకూరు, గుంత అడుగు, నల్లరాయి కింద తెల్ల పొర, నాన్నగారి పేరు, తెచ్చిన ఏడాది రాయి. ఏడాది కచ్చితంగా తెలియకపోతే తొంభైల్లో అని రాయి, ఊహించి వేయొద్దు. పుస్తకం, రాయి ఒకే పెట్టెలో పెట్టు.

చెరువుగట్టు
మాస్టారూ, మా చెరువు గుల్లలకి కూడా ఇలాగే రాయాలా? వచ్చే నెల కొత్త చెరువు తవ్విస్తున్నాం.

రాయిమాస్టారు
తప్పకుండా. గట్టు పైనుంచి ఎన్ని అడుగుల లోతులో గుల్లల పొర మొదలైంది, ఎంత మందం ఉంది, కింద ఇసకా బంకమట్టా అన్నది టేపుతో కొలిచి రాయండి. జేసీబీ పని చేస్తుండగానే కొలవాలి, నీళ్లు ఎక్కాక గోడ కనపడదు.